వెంకట్రాములు బండికి కొత్త ఏసీ

ఆ బుధవారం పొద్దున గద్వాల చీరల వ్యాపారి వెంకట్రాములు వేసుకున్న ప్రణాళిక చాలా తేలికైనది. ఆరింటికి బయల్దేరాలి. ఎనిమిదిన్నరకు గోపాల్‌పేటలో ఆగి, బండి నెత్తిమీది పాత ఏసీ దింపించి కొత్తది ఎక్కించాలి. పదకొండింటికి నాగర్‌కర్నూల్‌లో రైసుమిల్లు సావిత్రమ్మ ఇంటి ముందు దిగాలి. పన్నెండింటికి రాహుకాలం మొదలవుతుంది కనుక, ఆలోపే ఆమె చేత కూతురి పెళ్ళిచీర మీద చేయి వేయించాలి. ఒక చీర మీద చేయి పడితే మిగతా ముప్పైతొమ్మిదీ దాని వెంట పోతాయి. ఈ నలభై పోతేనే ఇంటి వెనక ఆరు మగ్గాల మీద కొత్త పడుగు ఎక్కుతుంది. నేసేవాళ్ళు రెండు నెలలుగా చేతులు ముడుచుకుని కూర్చున్నారు.

"పన్నెండు దాటితే రాకు. తెల్లారి హైదరాబాద్ పోయి కొనుక్కుంటం" అని సావిత్రమ్మ ముందే చెప్పేసింది. ఆమె ఒకసారి అన్నదంటే అన్నదే.

తేలికైన ప్రణాళికలన్నీ వెంకట్రాములు చేతిలో పడేదాకా తేలికగానే ఉంటాయి.

ముందు బండి సంగతి చెప్పాలి. అది క్యారవాన్. సినిమావాళ్ళు షూటింగుల్లో వాడి వాడి వదిలించుకున్నది. లోపల ఒక మంచం, ఒక సోఫా, చుట్టూ బల్బులున్న అద్దం, మనిషి నిలబడితే తలుపు పడని బాత్‌రూము. హైదరాబాద్‌లో దాన్ని చూసి వచ్చిన వెంకట్రాములుకు నాలుగు రోజులు నిద్ర పట్టలేదు. ఐదో రోజు ఊరి బయటి ప్లాటు అమ్మి కొనేశాడు. పక్కన 'కదిలే గద్వాల షోరూము' అని పెద్ద అక్షరాలతో రాయించాడు. దాని కింద 'ఫుల్ ఏసీ' అని ఇంకా పెద్ద అక్షరాలతో రాయించాడు. మూడో వారానికి ఏసీ చచ్చింది. అక్షరాలు మాత్రం బతికే ఉన్నాయి. పైగా మొన్నటి గాలివానకు ఏసీ కింది రబ్బరు చీలి, నీళ్ళు ఇంట్లోకి కారినట్టు బండిలోకి కారాయి. గద్వాలలోనే బాగుచేయిస్తే నలుగురూ చూస్తారు. అందుకే రెండు గంటల దూరంలో, తనను ఎవరూ ఎరగని చోట ముహూర్తం పెట్టుకున్నాడు.

"గా ఏసీ లేకుంటే చీరలు అమ్ముడువోవా?" భార్య తిరుపతమ్మ చీరల మడతల్లో కాగితాలు పెడుతూ అడిగింది.

"నీకు తెల్వదు. పెద్దోళ్ళు చల్లగ కూసోనే కొంటరు."

"మీ నాయిన మూట మోస్కుంట ఎండల తిరిగి అమ్మలేదా?"

"అందుకే గాయిన మూట మోసిండు. నేను షోరూమే తీస్కవోతున్న."

ఇలాంటి మాటలు అన్నాక వెంకట్రాములు ఒక్క క్షణం ఆగి, విన్నవాళ్ళ ముఖం చూస్తాడు. తిరుపతమ్మ అప్పటికే వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఏసీ మార్చేవాడు సాంసన్. గోపాల్‌పేటవాడు. సౌదీ ఎడారిలో రేకుల క్యాంపుల ఏసీలు బాగుచేస్తూ పన్నెండేళ్ళు ఉండి వచ్చాడు. బండి నెత్తిన కూర్చునే రకం ఏసీ గురించి ఆ చుట్టుపక్కల తెలిసినవాడు అతనొక్కడే.

"సామాను వచ్చింది సేటూ" అన్నాడు ఫోనులో. "లోపల నాలుగు బోల్టులు ఇప్పితే పాతది లేస్తది. రబ్బరేసి కొత్తది కూసోవెడ్త. గంట పని. గానీ దించి ఎక్కియ్యనీకె మనుషులు గావాలె. నేనొక్కన్ని లేపలేను."

"మనుషులకేం తక్వ? నంబరియ్యి."

"మా ఊరి యేసయ్యకు చెయ్యి. గుంపు మేస్త్రీ."

గుంపు మేస్త్రీ అంటే ఊళ్ళో కూలీలను కూడగట్టి పూనాకో బొంబాయికో బిల్డింగు పనులకు తీసుకుపోయే మనిషి. గుంపుకు ఒకే నోరు, అది మేస్త్రీది. ఆయన సరే అంటే అందరూ లేస్తారు, కాదంటే ఎవరూ లేవరు. ఇద్దరు ఇటు, ముగ్గురు అటు పోవడం గుంపులో ఉండదు. ఆ వారం యేసయ్య గుంపుకు పూనా కంట్రాక్టరు సోమవారం బండి పంపుతానన్నాడు. సోమవారం రాలేదు. మంగళవారం రాలేదు. పిల్లాపాపలతో కలిపి పద్దెనిమిది మంది ఇళ్ళకు తాళాలేసి, పరుపులు చుట్టి, చర్చి ఆవరణలో కూర్చుని ఉన్నారు.

వెంకట్రాములుకు ఇదేమీ తెలియదు. తెలుసుకునే అలవాటూ లేదు. ఫోనులో ఆయన పద్ధతి ఒక్కటే. తాను చెప్పేది చెప్పి పెట్టేయడం.

"యేసయ్యనా? బండి వస్తున్నది. ఎనిమిదిన్నర వరకు మనుషులను తయారు వెట్టు."

అవతల పెద్దగా ఊపిరి వదిలిన చప్పుడు.

"వస్తున్నదా సారూ! రెండు దినాల సంది ఎదురు జూస్తున్నం."

తెలియని ఊళ్ళో తెలియని మనిషి తన కోసం రెండు రోజులుగా ఎదురుచూస్తున్నాడంటే ఎవరికైనా అనుమానం రావాలి. వెంకట్రాములుకు రాలేదు. లోకమంతా తన కోసమే ఎదురుచూస్తోందని ఆయన ఎప్పటినుంచో నమ్ముతున్నాడు.

"ఎంతమందిమి రావాలె సారూ?"

"బరువు పని. ఎంతమందుంటే అంత మంచిది."

"అందరం తయారున్నం. బండి మంచిదేనా? పోయినసారి డీసీఎం లారీల తోలిండ్రు, నడుములు వడిపోయినయి, జర—"

"ఏసీ బండి!" అని వెంకట్రాములు ఫోను పెట్టేశాడు.

బండి నడిపేది కొడుకు నితిన్. ఇరవయ్యారేళ్ళవాడు. తండ్రిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, తిట్టు వస్తుందని పదేళ్ళ కిందటే నేర్చుకుని, అడగడం మానేసిన తెలివైనవాడు. ఎనిమిదీ నలభైకి వాళ్ళు గోపాల్‌పేట చేరారు. సాంసన్ దుకాణం పక్కనే చర్చి. దాని ముందు ట్రంకు పెట్టెలు, పరుపు చుట్టలు, గిన్నెల మూటలు, గంపకింద రెండు కోళ్ళు, వాటి చుట్టూ జనం.

"ఏదో పెండ్లికి పోతున్నట్టున్నరు" అన్నాడు వెంకట్రాములు. అంతకు మించి ఆలోచించలేదు.

సాంసన్ లోపలికి వెళ్ళి వైర్లు విడదీసి నాలుగు బోల్టులు విప్పాడు. యేసయ్య ఒక్క ఈల వేశాడు. నలుగురు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు వెనక నిచ్చెన పట్టుకుని పైకి పాకారు. పూనాలో పద్నాలుగో అంతస్తుకు రాళ్ళు మోసిన మనుషులు వాళ్ళు. నలభై కిలోల ఏసీని చాటలాగా లేపి కిందికి అందించారు. సాంసన్ ఆ చదరపు రంధ్రం అంచు తుడిచి, కొత్త రబ్బరు పరిచాడు. కొత్త ఏసీ లేచింది, కూర్చుంది, బోల్టులు బిగిశాయి. ఈ సేపంతా వెంకట్రాములు కింద నిలబడి "జర ఎడమకు! జర కుడికి! అరే, మెల్లగ!" అని అరుస్తూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు కనుకనే ఏసీ సరిగ్గా కూర్చుంది.

దుకాణం నుంచి కరెంటు తీగ లాగి సాంసన్ రిమోట్ నొక్కాడు. చల్లటి గాలి దిగింది. వెంకట్రాములు దాని కింద నిలబడి కళ్ళు మూసుకున్నాడు. టైము తొమ్మిదిన్నర. కథ ఇక్కడే ముగిసిపోతే ఆయన బుద్ధిమంతుడేనని నలుగురూ పొరబడేవాళ్ళు.

ఆయన సాంసన్ దుకాణంలో టీ తాగడానికి కూర్చున్నాడు. తాగుతూ, ఏసీ ఎలా బిగించాలో సాంసన్‌కు వివరించాడు. ఆ పావుగంటలో బయట గుంపు తన పని తాను చేసుకుపోయింది. కంట్రాక్టరు బండి వస్తే ముందు ఏదో ఒక సామాను ఎక్కించమంటాడు, ఆ తర్వాతే గుంపు ఎక్కుతుంది. ఎప్పుడూ జరిగేదే. ఏసీ ఎక్కింది, ఇక వాళ్ళ వంతు. ట్రంకు పెట్టెలు నెత్తిమీదికి వెళ్ళాయి. పరుపు చుట్టలు వాటి పక్కన చేరాయి. అన్నిటి మీదా టార్పాలిన్ కప్పి తాళ్ళు బిగించారు. నితిన్ స్టీరింగు ముందు కూర్చుని అంతా చూశాడు. నాన్నే చెప్పి ఉంటాడనుకున్నాడు. అడగలేదు.

వెంకట్రాములు బయటికి వచ్చేసరికి, పాస్టరు డేవిడ్ బండి ముందు నిలబడి చేతులు చాచి ఉన్నాడు. చుట్టూ ఊరంతా తలలు వంచి ఉంది. కొత్త ఏసీకి ఈ ఊళ్ళో ప్రార్థన కూడా చేస్తారన్నమాట అనుకుని వెంకట్రాములు మురిసిపోయాడు. తానూ తల వంచాడు.

"ప్రభువా, ఈ బండిని కాపాడు. దీని చక్రాలను కాపాడు. తోలే పిల్లగాన్ని కాపాడు. దూరం పోతున్న నీ బిడ్డలను కాపాడు..."

నాగర్‌కర్నూల్ వీళ్ళకు దూరమే కాబోలు అనుకున్నాడు వెంకట్రాములు.

"ఈ సేటు మనసు మెత్తగ చెయ్యి తండ్రీ. వీళ్ళను ఎండకు మాడ్చకుండ, ఆకలికి పండవెట్టకుండ సూస్కునేటట్టు చెయ్యి. ఆరు నెలలకు క్షేమంగ ఇండ్లు చేర్చు..."

సాయంత్రానికే తిరిగి వచ్చేవాడికి ఆరు నెలల దీవెన ముందుగానే ఇస్తున్నారంటే, ఇక్కడి మనుషులది ఎంత పెద్ద మనసు అనుకున్నాడు. ప్రార్థన ఇరవై ఐదు నిమిషాలు సాగింది. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది ఆయనే.

ఆ తర్వాత తలుపు తీసి లోపలికి అడుగు పెట్టాడు. పెట్టిన అడుగుకు చోటు లేదు.

మంచం మీద ఐదుగురు. సోఫా మీద ఆరుగురు. బల్బుల అద్దం ముందు ఒక ముసలామె తల దువ్వుకుంటోంది. బాత్‌రూములో కోళ్ళు. మంచం అంచున ఒళ్ళో బిడ్డతో కూర్చున్న రేఖ అనే కూలీ మర్యాదగా కొంచెం జరిగి, ఆయనకు జానెడు చోటు చూపించి అడిగింది.

"సేటూ, పూనాకు ఏ యాల్లకు చేరుతం?"

"పూనా ఎవరు పోతుండ్రు?"

"మేమే. నువ్వు తోల్కవోతున్నవు గదా."

వెంకట్రాములు గొంతులోంచి వచ్చిన అరుపుకు బాత్‌రూములో కోళ్ళు జవాబు చెప్పాయి. "దిగుండ్రి! అందరు దిగుండ్రి! ఇది చీరల షోరూము! యేసయ్యా, ఏందిది?"

యేసయ్య కంగారు పడలేదు. మోసం ఎలా మొదలవుతుందో ఆయనకు బాగా తెలుసు. ఎప్పుడూ ఇలాగే, ఏదో పెద్దమనిషి కొత్తగా ఆశ్చర్యపోవడంతోనే మొదలవుతుంది. చొక్కా జేబులోంచి ఫోను తీశాడు.

"నా ఫోన్ల మాటలన్నీ రికార్డయితయి సారూ. ఒకపారి మునిగినంక పెట్టుకున్న."

నొక్కాడు. వెంకట్రాములు గొంతు బండి నిండా మోగింది. 'బండి వస్తున్నది... మనుషులను తయారు వెట్టు... ఎంతమందుంటే అంత మంచిది... ఏసీ బండి!'

"గీ గొంతు ఎవలది?" అడిగాడు యేసయ్య.

"నాదే గానీ..."

"అయిపాయె."

"నేను ఏసీ లేపనీకె పిలిచిన!"

"ఒక్క డబ్బా లేపనీకె ఎవలన్న ఎంతమందుంటే అంత మంచిదంటరా?" రేఖ నవ్వింది. "మా ఊర్ల బర్రె ఈననీకె గూడ గంతమందిని పిలువరు."

"సరే, తప్పయింది. దిగుండ్రి. ఇండ్లకు పోండ్రి."

"ఇండ్లకా?" రేఖ నవ్వు ఆగిపోయింది. "సోమవారం ఊరంత సాగనంపింది. బండి రాలె. సిగ్గుతోని గీ చర్చికాడనే పండుకున్నం. మంగళారం మల్ల సాగనంపిండ్రు. ఇయ్యాల ప్రార్థన గూడ అయిపాయె, నువ్వే ఆమెన్ అంటివి. మూడోపారి ఏ మొఖం వెట్టుకోని తాళాలు తీస్తం సేటూ? నేనైతే దిగ."

పద్దెనిమిది మందిలో ఒక్కరూ కదల్లేదు. వెంకట్రాములు పోలీసుల పేరెత్తాడు. పిలవమన్నాడు యేసయ్య. రికార్డు వాళ్ళకూ వినిపిస్తానన్నాడు. వెంకట్రాములు పాస్టరు వైపు చూశాడు. దేవుడి ముందు అన్న మాట తాను రద్దు చేయలేనని డేవిడ్ చెప్పాడు. వెంకట్రాములు సాంసన్ వైపు చూశాడు. ఏసీకి తప్ప దేనికీ తన గ్యారంటీ లేదని సాంసన్ షట్టరు దించుకున్నాడు. టైము పదీ ఇరవై.

అప్పుడు వెంకట్రాములు తెలివి వాడాడు. ఆయన జీవితంలో నష్టం వచ్చిన ప్రతిసారీ దానికి ముందు ఈ పనే జరిగింది.

"సరే. కూసోండ్రి. పని ఉన్నది. పూనాల గాదు, నాగర్‌కర్నూల్‌ల. అదే మేలు, దగ్గర."

వాళ్ళను నాగర్‌కర్నూల్ బస్టాండులో దింపి పారిపోవాలన్నది ఆయన ఎత్తు. యేసయ్య కళ్ళు చిన్నవి చేశాడు.

"పని ఎవలింటికాడ?"

పొద్దుటినుంచీ తలలో తిరుగుతున్న పేరు ఒక్కటే. అదే నోట్లోంచి జారింది.

"సావిత్రమ్మక్కోలది. రైసుమిల్లు."

యేసయ్య ఫోను జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకునే ముందు, అప్పుడే నొక్కి ఉంచిన రికార్డరులో ఇది కూడా పడిందో లేదో చూసుకున్నాడు.

బండి కదిలింది. వెనక జనరేటరు మోగింది. బిజినేపల్లి రాకముందే లోపల మనుషులు చెమటతో తడిసి ముద్దయ్యారు. వెంకట్రాములు ముందు సీట్లోంచి రిమోట్ చాచి నొక్కాడు. కొత్త ఏసీ పది నిమిషాలు చల్లటి గాలి పంపి, వేడి గాలి పంపి, గురగురమని ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఆగింది.

"దొంగ సాంసన్! పాతది నాకు అంటగట్టిండు!" అని ఫోను తీసి తిట్టడం మొదలుపెట్టాడు.

"బండి ఆపు తమ్మీ" అంది రేఖ నితిన్‌తో. బిడ్డను ముసలామెకు అందించి, చెంగు నడుముకు చుట్టి, మే నెల ఎండలో నిచ్చెన ఎక్కింది. టార్పాలిన్ విప్పి, ఏసీని నలువైపులా నొక్కిపట్టిన పరుపు చుట్టలు పక్కకు జరిపి, మళ్ళీ తాళ్ళు బిగించింది. ఏడెనిమిది నిమిషాలు పట్టింది.

"గంత పెద్ద దానికి ఊపిరాడొద్దా?" అంటూ దిగింది. "పూనాల బిల్డింగులకు నూరు బిగిస్తుంటే జూసిన. బయటి గాలి తీసుకునే కాడ అడ్డం వెట్టరు."

ఈసారి నొక్కగానే గాలి చల్లబడింది, చల్లగానే ఉండిపోయింది. "నేనదే అంటున్న ఇందాకటి సంది" అన్నాడు వెంకట్రాములు. ఫోను అవతల సాంసన్ ఇంకా తిట్లు వింటూనే ఉన్నాడు. వెంకట్రాములు క్షమాపణ ఏదీ చెప్పకుండా ఫోను పెట్టేశాడు.

నాగర్‌కర్నూల్ బస్టాండు దగ్గర నితిన్‌ను ఆపమన్నాడు. గొంతులో తేనె పోసుకుని వెనక్కి తిరిగాడు. "దిగుండ్రి, టీ తాగుండ్రి, కాళ్ళు చాపుకోండ్రి. పిల్లగాండ్లకు బిస్కెట్లు కొనిస్త."

"పని జూసినంక తాగుతం" అన్నాడు యేసయ్య.

"జర గాలి పీల్చుకోండ్రి."

"లోపట్నే మస్తు గాలున్నది సేటూ" అంది రేఖ. "ఏసీ మంచిగ వనిచేస్తున్నది."

టైము పదకొండూ నలభై. ఇక ఎక్కడా ఆపడానికి లేదు. సావిత్రమ్మ ఇంటికి రెండు మలుపుల దూరం. ఆ రెండు మలుపుల్లోనూ వెంకట్రాములు ఒక్కటే ఆలోచించాడు. తలుపు తెరిస్తే ఆర్డరు పోతుంది. తెరవకపోతే పన్నెండు దాటుతుంది, అప్పుడూ ఆర్డరు పోతుంది.

సావిత్రమ్మ గేటు ముందే నిలబడి ఉంది. ఆమె వెనక ఆడపెళ్ళివారు, మగపెళ్ళివారు కలిసి పాతిక మంది, అందరి కళ్ళూ చేతిగడియారాల మీద. కదిలే షోరూము ఆగింది. ఫుల్ ఏసీ అన్న అక్షరాలు ఎండలో మెరిశాయి. మగపెళ్ళివారిలో ఒక పెద్దాయన మెచ్చుకోలుగా తల ఊపాడు. తలుపు తెరుచుకుంది.

ముందుగా ఒక కోడి దిగింది.

దాని వెనక పిల్లలు దిగారు. ముసలామె దిగింది. గిన్నెల మూట దిగింది. పారలు, తాపీలు, బొచ్చెలు దిగాయి. దిగుతూనే ఉన్నారు. సావిత్రమ్మ నోరు తెరిచి చూస్తోంది. వెంకట్రాములు పరుగున వచ్చి ఆమెకు, తలుపుకు మధ్య అడ్డంగా నిలబడ్డాడు.

"అక్కా, వీళ్ళు నేసేటోళ్ళు. నేసినోళ్ళ చేతులతోనే చీరలు చూపెట్టాలని తోల్కచ్చిన..."

"నమస్తే అమ్మా" యేసయ్య ఆయన్ను భుజంతో పక్కకు జరిపాడు. "పని ఏడున్నది?"

సావిత్రమ్మ ఆయన చేతిలోని తాపీ చూసింది. "ఏం పని చేస్తరు?"

"గోడ గడ్తం. ప్లాస్టరింగ్ చేస్తం. టైల్స్ వేస్తం. సెంట్రింగుకు మనోళ్ళే ఉన్నరు."

వెంకట్రాములు కళ్ళు మూసుకున్నాడు. తిట్లు ఇంకా మొదలు కాలేదెందుకని ఒక కన్ను తెరిచి చూశాడు. సావిత్రమ్మ తన మేడ వైపు చూస్తోంది. పైన ఒక అంతస్తు. స్తంభాలున్నాయి, కప్పుంది, గోడలు లేవు. ఇటుకల గుట్ట మీద కుక్క పడుకుని ఉంది.

"పది దినాల సంది మనుషుల కోసం తిరగని తావు లేదు" అంది. "పనోళ్ళు ఓట్లని వాళ్ళ రాష్ట్రం పోయిండ్రు, మల్ల రాలె. పన్నెండు దినాలల్ల పెండ్లి. పెండ్లికొడుకు తరపోళ్ళు పైనే దిగాలె. వెంకట్రాములూ, గీ సంగతి నీకెట్ల తెల్సు?"

ఏ మనిషికైనా ఇక్కడ కొంచెం సిగ్గు వేస్తుంది.

"మనసుంటే తెలుస్తది అక్కా" అన్నాడు వెంకట్రాములు.

పదకొండూ యాభై. ఆయన పెళ్ళిచీర తెచ్చి పరచబోయాడు. ముదురు ఎరుపు, పచ్చటి పట్టు అంచు. ఇంత గందరగోళంలోనూ ఒక్క మరక పడలేదు. బండి ఎక్కగానే రేఖ చీరలన్నీ తన ఉతికిన దుప్పట్లో చుట్టి మంచం తలాపున పెట్టేసింది. సావిత్రమ్మ చీర వైపు తిరగనైనా లేదు.

"ఆగు. ముందు గోడ సంగతి తేలనీ. చీరలు ఎవరన్న తెస్తరు. మనుషులను తెచ్చుడే కష్టం."

యేసయ్య మేడ పైకి వెళ్ళి, కొలిచి, కిందికి వచ్చాడు. పదకొండూ యాభై నాలుగు.

"పదకొండు దినాలల్ల నిలవెడ్తం. గానీ మాకు ఉండనీకె జాగ గావాలె. పూనాలనైతే షెడ్డిస్తరు."

"ఇంటి నిండ చుట్టాలు దిగుతరు. జాగేడిది?"

"జాగ లేకుంటే పని గాదమ్మా. ఆడోళ్ళు, పిల్లలు ఆరుబయట పండుకోలేరు." యేసయ్య మూట భుజానికెత్తుకున్నాడు. ఆయన వెనక గుంపంతా మూటలు ఎత్తుకుంది. పదకొండూ యాభై ఆరు.

సావిత్రమ్మ చూపు వీధంతా తిరిగి, బండి మీద ఆగింది. యేసయ్య చూపు ముందే అక్కడ ఉంది. వాళ్ళిద్దరూ ఎక్కడ చూస్తున్నారో వెంకట్రాములుకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది.

"లే లే లే! అక్కా, అది షోరూము!"

"గోడ నిలవడేదాంక ఇడ్సిపెట్టు" అంది సావిత్రమ్మ. "ఇప్పుడే చీర మీద చెయ్యేస్త. నలభైకి నలభై తీస్కుంట. లేదంటవా, బండి తోల్కోని పో. నేను హైదరాబాద్ పోత."

పదకొండూ యాభై ఏడు. వెంకట్రాములు బండిని చూశాడు. పెద్ద అక్షరాలను, అంతకంటే పెద్ద అక్షరాలను చూశాడు. పదకొండూ యాభై ఎనిమిది. ఖాళీగా ఉన్న ఆరు మగ్గాలు గుర్తుకొచ్చాయి. వాటికంటే ముందు, నలభై చీరలూ వెనక్కి తెచ్చుకుంటే గుమ్మంలో తిరుపతమ్మ చూసే చూపు గుర్తుకొచ్చింది.

"నాయినా" అన్నాడు నితిన్, ఆ రోజుకు మొదటిసారి నోరు తెరిచి. "తాళంచెవి ఇచ్చెయ్యి."

పన్నెండుకు నిమిషం ముందు సావిత్రమ్మ చేయి పెళ్ళిచీర మీద పడింది. అదే నిమిషంలో తాళంచెవి యేసయ్య జేబులో పడింది. మధ్యాహ్నానికి ఇంటి నుంచి బండికి కరెంటు తీగ లాగారు. ఆడవాళ్ళు, పిల్లలు లోపల సర్దుకున్నారు. మగవాళ్ళు బండి పక్కన టార్పాలిన్ కట్టుకున్నారు. మగపెళ్ళివారి పెద్దాయన వచ్చి లోపలికి తొంగిచూసి, కూలీలకు ఏసీ ఇచ్చే ఇంటితో వియ్యం మంచిదేనని అందరికీ చెప్పాడు.

తండ్రీకొడుకులు ఆర్టీసీ బస్సులో గద్వాల చేరారు. బండి ఏదని అడిగినవాళ్ళకు "నాగర్‌కర్నూల్‌ల బ్రాంచి తెరిచినం" అన్నాడు వెంకట్రాములు. రెండో రోజే మగ్గాల మీద కొత్త పడుగు ఎక్కింది. తిరుపతమ్మ ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండునని ఆయనకు అనిపించింది.

పెళ్ళి అయిపోయింది. నెల గడిచింది. సావిత్రమ్మ ఇంటి గోడలు చూసి పక్కింటివాళ్ళు గుంపును పిలుచుకున్నారు, వాళ్ళ తర్వాత వెనక వీధివాళ్ళు. బండి ఇంటి నుంచి ఇంటికి కదులుతూనే ఉంది. బండి ఎప్పుడిస్తారని వెంకట్రాములు ఫోను చేసినప్పుడల్లా యేసయ్య తాను చెప్పేది చెప్పి పెట్టేస్తున్నాడు.

నిన్న మాత్రం అటునుంచే ఫోను వచ్చింది. రిమోట్‌లో సెల్లు అయిపోయాయట, రెండు పంపమని రేఖ అడిగింది.